తెర ఎప్పుడు వెలిగించాలి, ఎప్పుడు ఆర్పాలి: డిజిటల్ సాధనాలతో పాఠం చెప్పేవారికి సమగ్ర మార్గదర్శి

పాఠాన్ని పీపీటీగా మార్చి తెర మీద వేస్తే డిజిటల్ బోధన అయిపోయిందనుకోవడం మామూలే. అలా చేసిన చాలా తరగతుల్లో మారింది ఒక్కటే: ఇదివరకు పిల్లలు బోర్డు చూసి రాసుకునేవాళ్లు, ఇప్పుడు తెర చూస్తూ కూర్చుంటున్నారు. రాసుకునే పని కూడా పోయింది కాబట్టి ఎంతో కొంత నష్టమే.

అందుకే ఇక్కడ ప్రతి సాధనాన్నీ ఒకే ప్రశ్న పెట్టి పరీక్షిస్తాను. ఇది నడుస్తున్నంతసేపు పిల్లలు ఏం చేస్తుంటారు? ఊహించి రాస్తారా, బొమ్మ గీస్తారా, లెక్క కడతారా, పక్కవాడితో వాదిస్తారా? "చూస్తారు" అన్నదొక్కటే జవాబైతే ఆ సాధనాన్ని పక్కన పెట్టేయొచ్చు, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

మొదటి అడుగు: పాఠంలో ముడి ఎక్కడుందో చూసుకోండి

యాప్‌ల జాబితా ముందేసుకుని "వీటిలో దేన్ని వాడదాం" అని మొదలుపెడితే పాఠం ఆ యాప్ వెనక నడవాల్సి వస్తుంది. ముందు పాఠ్యపుస్తకం తెరవండి. ఏటా పిల్లలు ఎక్కడ తడబడతారో మీకు తెలుసు. ఆ పేరా పక్కన పెన్సిల్‌తో గీత పెట్టి, ఎందుకు తడబడుతున్నారో ఆలోచించండి.

కొన్నిచోట్ల అసలు విషయమే కంటికి కనబడదు. తీగలో కరెంటు, వాయువులో అణువుల కదలిక అలాంటివి. అక్కడ సిమ్యులేషన్, అంటే జరిగేదాన్ని తెర మీద అనుకరించి చూపే సాధనం, అక్కరకొస్తుంది. కొన్ని మార్పులు కళ్లతో చూడలేనంత నెమ్మదిగా జరుగుతాయి. అరల్ సముద్రం ఎండిపోయిందని పుస్తకంలో చదివితే పరీక్ష దాకా గుర్తుంటుందేమో. గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఏడాదికేడాది ఆ నీలం రంగు కుంచించుకుపోవడం చూసిన పిల్లవాడు "ఆ నీళ్లన్నీ ఏమయ్యాయి?" అని తనే అడుగుతాడు. పాఠం అక్కడ మొదలుపెట్టొచ్చు. ఇంకొన్నిచోట్ల ఒకటి మారితే మరొకటి ఎలా మారుతుందో పట్టుకోవడం కష్టం. జియోజెబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో వై = ఎంఎక్స్ + సి అని టైపు చేస్తే ఎం, సి లకు స్లైడర్లు వాటంతటవే వస్తాయి. ఎం జరిపితే గీత వాలు మారుతుంది, సి జరిపితే గీత పైకీ కిందికీ కదులుతుంది. బోర్డు మీద పది గీతలు గీసినా ఆ సంబంధం ఇంత తేటగా కనబడదు.

తెర అక్కర్లేని చోట్లూ చాలానే ఉన్నాయి. సమీకరణాన్ని మెట్టు మెట్టుగా సాధించి చూపడానికి సుద్దముక్కను మించింది లేదు, ఎందుకంటే మీ చెయ్యి కదిలే వేగంతోనే వాళ్ల ఆలోచనా నడుస్తుంది. అక్షరాలు దిద్దించడం, పటం చేత్తో గీయించడం, పద్యం నోటితో చదివించడం కూడా అంతే. గదిలోనే చేయగలిగిన ప్రయోగాన్ని వీడియోలో చూపించి సరిపెట్టడం మాత్రం పిల్లలకు అన్యాయం చేయడమే.

పీరియడ్‌కి ఒక ముడి, దానికి ఒక సాధనం. రెండోది ఇరికిస్తే లాగిన్లు అయ్యేసరికే గంట కొట్టేస్తారు.

రెండో అడుగు: గదినీ తెరనూ సిద్ధం చేసుకోండి

పాఠం ఎక్కువగా చెడేది చిన్న విషయాల దగ్గరే. హెచ్‌డీఎంఐ తీగ తగిలించగానే కంప్యూటర్ తరచూ శబ్దాన్ని కూడా ప్రొజెక్టరుకే పంపేస్తుంది. ప్రొజెక్టరులో స్పీకరు లేకపోయినా, ఉండి పీలగా పలికినా వీడియో మూగబోతుంది. సౌండ్ సెట్టింగుల్లోకి వెళ్లి అవుట్‌పుట్‌ను మళ్లీ మీ స్పీకరుకు మార్చాలి. తెర మీద అసలేమీ రాకపోతే విండోస్ మీటను, పి ని కలిపి నొక్కి "డూప్లికేట్" ఎంచుకోండి. అక్కడే ఉన్న "ఎక్స్‌టెండ్" అలవాటు చేసుకుంటే ఇంకా మంచిది. మార్కుల ఫైలు, మెయిలు మీ ల్యాప్‌టాప్ తెర మీదే ఉండిపోతాయి, పాఠం ఒక్కటే పిల్లలకు కనబడుతుంది.

అక్షరాల సైజు తేల్చుకోవాలంటే ఆఖరి బెంచీలో కూర్చుని చూడండి. ఇంగ్లీషుకు సరిపోయే సైజు తెలుగుకు చాలదు, మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. వరుసల మధ్య ఎడం కూడా పెంచాలి, లేదంటే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన స్లయిడ్లు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి కాబట్టి టైపింగ్ అంతా యూనికోడ్‌లోనే చేయండి. పీడీఎఫ్ ప్రతి ఒకటి పెన్‌డ్రైవులో ఉంచుకోండి.

ఇంకో చిన్న మీట గురించి చెప్పాలి. పవర్‌పాయింట్ స్లయిడ్ షో నడుస్తుండగా కీబోర్డులో బి నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే తిరిగి వస్తుంది. మీరు మాట్లాడేటప్పుడు, పిల్లలు రాసేటప్పుడు తెర ఆర్పేయండి. వెలుగుతున్న తెరతో పోటీపడి గెలిచిన టీచరు లేరు.

మూడో అడుగు: వీడియోను ముక్కలు చేసి వాడండి

ఇరవై నిమిషాల వీడియో పెట్టి వెనక నిలబడటం కన్నా అందులో మీ ముడి విప్పే మూడు నాలుగు నిమిషాలు ఎంచుకోవడం మేలు. ముందురోజు పూర్తిగా చూసి, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలి, ఆపి ఏమడగాలి అన్నవి కాగితం మీద రాసుకోండి. యూట్యూబ్‌లో "షేర్" నొక్కినప్పుడు ఏ నిమిషం నుంచి మొదలవ్వాలో కూడా ఎంచుకోవచ్చు. ఆటోప్లే ఆపేసి ఉంచండి, వీడియో అయ్యాక తర్వాత ఏమొస్తుందో మన చేతిలో ఉండదు.

కీబోర్డు అలవాటైతే తరగతి నడపడం తేలిక. కె నొక్కితే ఆగుతుంది, జె పది సెకన్లు వెనక్కి, ఎల్ పది సెకన్లు ముందుకు, ఎం శబ్దాన్ని ఆపుతుంది. ఆగి ఉన్నప్పుడు కామా, ఫుల్‌స్టాప్ మీటలతో ఒక్కో ఫ్రేమే వెనక్కీ ముందుకీ జరపొచ్చు. బంతి నేలకు తగిలే క్షణమో, రసాయనం రంగు మారే క్షణమో చూపించాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

గుండె పనితీరు యానిమేషన్ తీసుకుందాం. మొదటిసారి శబ్దం లేకుండా పెట్టండి. "రక్తం ఏ గది నుంచి ఏ గదికి పోతోంది, వెనక్కి రాకుండా ఏది ఆపుతోంది?" అని ముందే బోర్డు మీద రాసి ఉంచండి. ఆపేసి, నోట్సులో బాణాలు గీయమనండి. ఊపిరితిత్తుల మజిలీ మరిచిపోయి కుడి జఠరిక నుంచి నేరుగా ఎడమ కర్ణికకు బాణం వేసేవాళ్లు కనబడతారు. రెండోసారి శబ్దంతో పెట్టినప్పుడు వాళ్లు తమ బాణాన్ని సరిచూసుకోవడానికే చెవులు రిక్కిస్తారు.

మీరు సొంతంగా వీడియో లేదా స్లయిడ్లు చేస్తుంటే విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనల్లో తేలిన ఒక సంగతి గుర్తుంచుకోండి. బొమ్మ చూపిస్తూ మాట్లాడేటప్పుడు అవే మాటల్ని అక్షరాల్లో కూడా తెర మీద వేస్తే అవగాహన తగ్గుతుంది. కన్ను బొమ్మ చూడాలో అక్షరాలు చదవాలో తేల్చుకోలేదు. స్లయిడ్ మీది వాక్యాల్ని పైకి చదివే అలవాటు ఈ లెక్కన మానుకోవాల్సిందే. వినికిడి సమస్య ఉన్న పిల్లలుంటే, పాఠం వాళ్లకు కొత్త భాషలో ఉంటే సబ్‌టైటిల్స్ తప్పనిసరి, అది వేరే సంగతి.

నాలుగో అడుగు: సిమ్యులేషన్‌కు ముందు ఊహ రాయించండి

భౌతిక, రసాయన శాస్త్రాలకు, గణితానికి ఫెట్ సిమ్యులేషన్లు నా మొదటి ఎంపిక. 2001లో నోబెల్ అందుకున్న భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఈ ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఉచితం, బ్రౌజర్లోనే నడుస్తాయి. కానీ లింకు ఇచ్చి "ఆడుకోండి" అంటే పిల్లలు నిజంగానే ఆడుకుంటారు, బ్యాటరీ వోల్టేజి పెంచి మంటలు రప్పిస్తారు. ఆ సరదాకు ఒక రెండు నిమిషాలు ఇచ్చేయండి, లేదంటే పీరియడ్ అంతా దొంగచాటుగా అదే చేస్తారు. తర్వాత పని మొదలుపెట్టొచ్చు.

విద్యుత్ వలయాల సిమ్యులేషన్‌తో ఒక పాఠం ఇలా నడపొచ్చు. తెర మీద ఒక బ్యాటరీ, ఒక బల్బు కలపండి. బ్యాటరీ 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓములు ఉండాలి. బల్బుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి అమ్మీటర్లు పెట్టబోతున్నానని చెప్పి ఆగిపోండి. రెండు రీడింగుల్లో ఏది ఎక్కువ? ప్రతి ఒక్కరూ జవాబు, కారణం రెండూ నోట్సులో రాయాలి. నోటితో చెప్పించకండి, మొదట చెప్పినవాడి మాటే తరగతి అంతా పాడుతుంది. "బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుంది కాబట్టి తర్వాతి మీటరులో తక్కువ" అన్న జవాబు చాలా నోట్సుల్లో దొరుకుతుంది. ఓమ్ నియమం కంఠస్థం వచ్చిన పిల్లలు కూడా ఇలాగే రాస్తారు.

ఇప్పుడు మీటర్లు పెట్టండి. రెంటిలోనూ 0.90 ఆంపియర్లు. మీరు వివరించకుండా కాసేపు ఊరుకోండి. "మరి బల్బు వాడుకున్నది ఏమిటి?" అన్న ప్రశ్న పిల్లల్లోంచే రావాలి. శక్తికీ కరెంటుకీ తేడా చెప్పడానికి ఇంతకన్నా అదను దొరకదు. తర్వాత అదే రకం రెండో బల్బును శ్రేణిలో కలపబోతున్నామని చెప్పి మళ్లీ ఊహ రాయించండి. రీడింగు 0.45కి పడిపోతుంది, రెండు బల్బులూ సమానంగా మసకబారతాయి. సమాంతరంగా కలిపితే ఒక్కో బల్బులో 0.90, బ్యాటరీ దగ్గర 1.80. ఒకే పీరియడ్‌లో ఈ మూడూ అయితే చాలు, స్విచ్చులు, ఫ్యూజుల జోలికి వెళ్లొద్దు. మర్నాడు నిజం బ్యాటరీ, నిజం బల్బులతో ఇదే చేయించండి. అంకెలు ఇంత శుభ్రంగా రావు. ఎందుకు రావో మాట్లాడుకోవడం కూడా పాఠమే.

ఖగోళానికి, ఆకాశాన్ని తెర మీద చూపే స్టెల్లేరియం ఇలాగే పనికొస్తుంది. ఎల్ నొక్కుతూ కాలాన్ని వేగంగా నడిపిస్తే నక్షత్రాలన్నీ ధ్రువనక్షత్రం చుట్టూ తిరగడం కనిపిస్తుంది. ఏ నక్షత్రం కదలదో ముందే ఊహించమనండి.

ఐదో అడుగు: అందరి జవాబూ ఒకేసారి తెలుసుకోండి

డిజిటల్ సాధనాల వల్ల టీచరుకు దక్కే అతి పెద్ద లాభం ఇదే. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అని వినిపించేది ముందు బెంచీల గొంతు. మిగతావాళ్ల సంగతి పరీక్ష పేపర్లు దిద్దేదాకా తెలియదు.

ముందు ప్రశ్న సంగతి చూద్దాం, సాధనం తర్వాత. మంచి ప్రశ్నలో ప్రతి తప్పు జవాబు వెనకా ఒక తప్పు ఆలోచన ఉండాలి. దశాంశాలు చెబుతున్నారనుకోండి. 0.6, 0.65, 0.625లలో పెద్దది ఏది? 0.625 అన్నవాళ్లు అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదనుకుంటున్నారు, అంటే 625ను 65తో పోలుస్తున్నారు. 0.6 అన్నవాళ్లు దీనికి తిరగబడ్డ పొరపాటులో ఉన్నారు: పదో వంతులు పెద్దవి, వెయ్యో వంతులు చిన్నవి కాబట్టి అంకెలు తక్కువున్నదే పెద్దదని లెక్క. ఇదే ప్రశ్నను 0.4, 0.35, 0.125 అని ఇచ్చి ఉంటే ఈ రెండో రకం పిల్లలు తప్పు ఆలోచనతోనే సరైన జవాబు పెట్టి తప్పించుకునేవాళ్లు. మూడు జవాబులు సరిపోయిన చోట నాలుగోది అతికించనక్కర్లేదు.

పిల్లల దగ్గర ఫోన్లు, ట్యాబ్‌లు లేకపోతే ప్లికర్స్ ఉంది. ఒక్కొక్కరికీ ఒక ముద్రించిన కార్డు ఇస్తారు, దాని మీద నలుపు తెలుపు గళ్ల గుర్తు ఉంటుంది. నాలుగు వైపులా ఎ, బి, సి, డి. తమ జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటే మీరు మీ ఫోను కెమెరాను తరగతి మీదుగా నెమ్మదిగా తిప్పుతారు. ఎవరు ఏం పెట్టారో ఫోనులో కనబడుతుంది. కార్డుల గుర్తులు వేర్వేరుగా, అక్షరాలు చిన్నవిగా ఉంటాయి కాబట్టి పక్కవాడి జవాబు చూసి తిప్పడం కుదరదు. మెరిసే లామినేషన్ చేయించకండి, వెలుతురు పడితే కెమెరా చదవలేదు. వేళ్లు గుర్తు మీద పడకుండా అంచులు పట్టుకోవడం ముందే నేర్పించండి.

జవాబులు వచ్చాక ఏం చేయాలన్నది అసలు నైపుణ్యం. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1990ల నుంచి నడిపిన పద్ధతి ఇక్కడ దారి చూపుతుంది. సరైన జవాబులు 30 శాతం కన్నా తక్కువైతే మళ్లీ బోధించాలి. 70 శాతం దాటితే క్లుప్తంగా వివరించి ముందుకు వెళ్లొచ్చు. మధ్యలో ఉంటే సరైన జవాబు చెప్పకుండా, వేరే జవాబు పెట్టినవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమని చెప్పి, మళ్లీ కార్డులు ఎత్తించాలి. గది గోలగోలగా ఉంటుంది. అది పని జరుగుతున్న గోల, ఆపకండి.

కహూట్ అనే క్విజ్ ఆట ఉత్సాహం తెస్తుంది గానీ త్వరగా నొక్కినవారికి ఎక్కువ పాయింట్లు ఇస్తుంది. ఆలోచించేవాడు వెనకబడతాడు, గుడ్డిగా నొక్కేవాడు గెలుస్తాడు. ప్రశ్నకు సమయం పెంచండి, లేదా పాయింట్లు లేని ఐచ్ఛికం ఎంచుకోండి. పునశ్చరణకు సరే, కొత్త విషయానికి వద్దు.

గూగుల్ ఫారమ్స్‌లో రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, బహుళైచ్ఛిక ప్రశ్నకు జవాబును బట్టి వేరే సెక్షన్‌కు పంపే వీలుంది. తప్పు జవాబు పెట్టినవాడు దానికి సంబంధించిన చిన్న వివరణ చదివి మళ్లీ ప్రశ్న దగ్గరికి వచ్చేలా హోంవర్కు తయారుచేయొచ్చు. రెండోది తెలుగులో తరచూ ఎదురయ్యే చిక్కు. చిన్న జవాబుల్ని అది అక్షరం అక్షరం పోల్చి దిద్దుతుంది. మీరు "కిరణజన్య సంయోగక్రియ" అని పెట్టి, పిల్లవాడు "కిరణజన్యసంయోగక్రియ" అని కలిపి రాస్తే తప్పు కొడుతుంది. సాధ్యమైన రూపాలన్నీ సరైన జవాబులుగా చేర్చండి, లేదా ఆ ప్రశ్నను చేత్తోనే దిద్దండి. మార్కులు పోయాక పిల్లవాడికి యంత్రం సంగతి వివరించినా ఊరట ఉండదు.

ఆరో అడుగు: పిల్లల చేత తయారు చేయించండి

ప్రాజెక్టు అనగానే వీడియో చేయించాలని ఉబలాటపడతాం. సగం సమయం దుస్తులకూ నేపథ్య సంగీతానికీ పోతుంది. ఆడియో మేలు. ఒక ఫోను, నిమిషంన్నర, ముందే రాసుకున్న స్క్రిప్టు. నిమిషంన్నరలో చెప్పాలంటే విషయం తెలిసి ఉండాలి, తెలియనిది దాచుకోవడానికి బొమ్మలు ఉండవు.

జట్టుగా రాయించేటప్పుడు పంచుకున్న డాక్యుమెంటులో వెర్షన్ హిస్టరీ చూడండి. ఎవరు ఏ వాక్యం ఎప్పుడు రాశారో తెలుస్తుంది. ఒక్కరే అంతా రాసి నలుగురి పేర్లు పెట్టే పాత అలవాటుకు ఇది విరుగుడు. అలా చూస్తారని ముందే చెప్పండి.

ఏడో అడుగు: వెతకడం, సరిచూడటం నేర్పండి

"ఇంటర్నెట్లో చూసి రాయండి" అన్నది హోంవర్కు కాదు. స్టాన్‌ఫర్డ్‌లో సామ్ వైన్‌బర్గ్ బృందం చరిత్రకారుల్నీ, విద్యార్థుల్నీ, వృత్తిరీత్యా వాస్తవాలు సరిచూసేవాళ్లనీ పోల్చి చూసింది. ముందు రెండు వర్గాల్లో చాలామంది ఆ వెబ్‌సైటు మీదే ఉండి దాని రూపం, హంగులు చూసి నమ్మారు. మూడో వర్గం క్షణాల్లో బయటికొచ్చి కొత్త ట్యాబ్‌లు తెరిచి "ఈ సైటు ఎవరిది, దీని గురించి బయటివాళ్లు ఏమంటున్నారు" అని వెతికింది. ఈ అలవాటును పావుగంటలో నేర్పవచ్చు. ఒక అనుమానాస్పద పేజీ తెర మీద పెట్టి, దాన్ని చదవకుండానే ఎవరిదో కనిపెట్టమనండి. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో వేసి ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో వెతికించండి. పాత వరదల ఫొటోలు కొత్త వార్తల్లో తేలడం పిల్లలే పట్టుకుంటారు.

ఏఐ చాట్ సాధనాలనూ ఇక్కడే పెడతాను. అవి తెలియని సంగతిని కూడా తెలిసినంత ధీమాగా రాస్తాయి. లేని పుస్తకాల పేర్లు, లేని తేదీలు సృష్టిస్తాయి. మీ పాఠం మీద ఒక పేరా రాయించి, ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో దిద్దమని పిల్లలకివ్వండి. ప్రతి వాక్యం పక్కనా "సరిచూశాను, ఇక్కడ" అని పుస్తకం పేజీ నంబరు రాయాలి. టీచరు పని వాళ్లకిచ్చినట్టుంటుంది, పాఠ్యపుస్తకాన్ని మాత్రం ఎన్నడూ లేనంత శ్రద్ధగా చదువుతారు.

ఎనిమిదో అడుగు: ఇంటర్నెట్ లేని రోజుకు ఏర్పాటు

కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాతో సహా ఎన్నో విజ్ఞాన సర్వస్వాల్ని ఒక్కో ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదవొచ్చు. కొలిబ్రీ అయితే ఒక కంప్యూటర్లో పాఠాలూ అభ్యాసాలూ నింపి, గదిలోని మిగతా పరికరాలకు స్థానిక వైఫై మీదే పంచుతుంది. ఫెట్‌లో చాలా సిమ్యులేషన్లను ముందే దించి పెట్టుకోవచ్చు, జియోజెబ్రా ఆఫ్‌లైన్‌లోనూ నడుస్తుంది. పరికరాలు మూడో నాలుగో ఉంటే తరగతిని జట్లు చేసి, ఒక జట్టు సిమ్యులేషన్, ఒక జట్టు పుస్తకం, ఒక జట్టు ప్రయోగం దగ్గర ఉండేలా పన్నెండు నిమిషాలకోసారి మార్చండి.

తొమ్మిదో అడుగు: ఖాతాలు, హక్కులు, దాచుకోవడం

చాలా సేవల్లో 13 ఏళ్లు నిండనివారు సొంతంగా ఖాతా తెరవకూడదు. చిన్న తరగతులకు ఖాతా అడగని సాధనాలే వాడండి, లేదా మీ ఖాతా ఒక్కటే తెర మీద నడపండి. పేరు తప్పనిసరైతే పూర్తి పేరు బదులు రోల్ నంబరు చాలు. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు, మార్కుల పట్టికలు అందరికీ తెరిచి ఉన్న లింకుల్లో పెట్టకండి. తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

బొమ్మలకు గూగుల్ ఇమేజెస్ కన్నా వికీమీడియా కామన్స్ మేలు. ప్రతి బొమ్మ కిందా దాన్ని వాడుకునే అనుమతి, అంటే లైసెన్సు, ఏ రకమో రాసి ఉంటుంది. తీసినవారి పేరు, లైసెన్సు స్లయిడ్ అడుగున చిన్నగా రాయండి, పిల్లల ప్రాజెక్టుల్లోనూ రాయించండి.

చివరగా, ఏ వెబ్ సాధనమూ ఎప్పటికీ ఉంటుందనుకోకండి. వెబ్‌లో యానిమేషన్లు నడిపే ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగిపోతే దాని మీద నడిచే పాఠాలు ఎన్నో మూలపడ్డాయి. గూగుల్ వారి డిజిటల్ బోర్డు జామ్‌బోర్డు 2024 చివర మూతపడింది. ప్రతి టర్మ్ ముగిశాక మీ ప్రశ్నల్ని, స్లయిడ్లను, పిల్లల పనుల్ని పీడీఎఫ్‌గానో స్ప్రెడ్‌షీట్‌గానో దించి సొంత డ్రైవులో భద్రపరచండి. పక్కనే ఒక షీటులో పాఠం పేరు, లింకు, ఏ నిమిషం దగ్గర ఆపారు, ఏ తప్పు జవాబు ఎంతమంది పెట్టారు అని నాలుగు గడులు నింపుకోండి. వచ్చే ఏడాది అదే పాఠం దగ్గరికి వచ్చినప్పుడు ముందుగా తెరవాల్సిన ఫైలు అదే.